జోర్క్ ఇచ్చారు, మిగతా ఆటలు కూడా ఇచ్చేయండి: మైక్రోసాఫ్ట్‌కు బహిరంగ లేఖ

మైక్రోసాఫ్ట్ యాజమాన్యానికి, అక్కడ పాత ఆటల హక్కుల వ్యవహారం చూసేవాళ్లకు, గచ్చిబౌలి క్యాంపస్‌లో పనిచేస్తున్న మన ఇంజనీర్లందరికీ నమస్కారం.

ముందు థాంక్స్ చెప్పాలి. 2025 నవంబరులో జోర్క్ 1, 2, 3 అనే పాతకాలం కంప్యూటర్ ఆటల సోర్స్ కోడ్‌ను మీరు ఎంఐటీ లైసెన్స్ కిందికి, అంటే ఎవరైనా వాడుకుని మార్చుకోగలిగే అనుమతి కిందికి తెచ్చారు. ఆ కోడ్ 2019 నుంచీ గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే సైటులో ఉన్నదే, జేసన్ స్కాట్ అనే ఆర్కైవిస్టు పెట్టాడు, కానీ అది చూసి చదువుకోవడానికే తప్ప దాని మీద చెయ్యి వేసే హక్కు ఎవరికీ లేదు, హక్కుదారులు తీసేయమంటే ఆ పూటే తీసేయాల్సి వచ్చేది. మీరు లైసెన్స్ ఇచ్చాక ఆ భయం పోయింది. ఇంజనీరింగ్ పిల్లలకు ప్రోగ్రామింగ్ చెప్పేవాణ్ణి నేను. ఇప్పుడు ఆ కోడ్ వాళ్ల ముందు పెట్టి, మార్చండి, విరగ్గొట్టండి, మళ్లీ కట్టండి అని ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

నేను అడిగేది ఒక్కటే. జోర్క్‌ని తయారుచేసిన ఇన్ఫోకామ్ అనే చిన్న కంపెనీ మొత్తం మీద 35 దాకా ఆటలు తీసింది. మీరిచ్చినవి మూడు. మిగతావాటిలో పూర్తిగా మీ చేతిలో ఉన్నవాటిని కూడా ఇదే లైసెన్స్ కింద ఇచ్చేయండి.

తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, మీ సంస్థ పగ్గాలు పట్టుకున్న సత్య నాదెళ్ల గారు హైదరాబాద్‌లో పుట్టి, బేగంపేటలో చదువుకున్నవారు. 1998లో ఇక్కడ మొదలైన మీ డెవలప్‌మెంట్ సెంటర్లో ఇప్పుడు వేలమంది పనిచేస్తున్నారు. వాళ్లలో తెలుగు చదివేవాళ్లకు కొదవ లేదు. ఇన్ఫోకామ్ పేరే విననివాళ్లు మాత్రం చాలామంది ఉంటారు, ఎందుకంటే ఆ కంపెనీ వెలిగిన రోజుల్లో మన ఇళ్లలో కంప్యూటర్ అనేదే లేదు. అందుకని ఈ లేఖలో సగం కథే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

1977లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో, కంప్యూటర్ సైన్స్ ల్యాబ్‌లో నలుగురు కుర్రాళ్లు, టిమ్ అండర్సన్, మార్క్ బ్లాంక్, బ్రూస్ డేనియల్స్, డేవ్ లెబ్లింగ్, ఒక ఆట రాయడం మొదలుపెట్టారు. అంతకుముందు అడ్వెంచర్ అనే ఆట ఒకటి ఆ ల్యాబ్‌ని ఊపేసింది: బొమ్మల్లేవు, అంతా మాటలే, తెర మీద గుహ వర్ణన వస్తుంది, మనం ఏం చేయాలో టైప్ చేస్తాం. కాకపోతే దానికి రెండు మాటలకు మించి అర్థమయ్యేవి కావు. వీళ్లకు అది చాలలేదు. పూర్తి వాక్యం రాస్తే అర్థం చేసుకునే ఆట కావాలనుకుని, గది సైజులో ఉండే పీడీపీ-10 కంప్యూటర్ మీద జోర్క్ రాశారు. ఓ తెల్లని ఇల్లు, పలకలు కొట్టి మూసేసిన తలుపు, ముందు ఒక ఉత్తరాల పెట్టె, అక్కణ్ణుంచి భూగర్భంలోకి ఓ మహా సామ్రాజ్యం. ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్ అనే నెట్‌వర్క్ ద్వారా ఆ మెషిన్‌లోకి లాగిన్ అయి ఎక్కడెక్కడివాళ్లో వచ్చి ఆడేవాళ్లు.

1979 జూన్‌లో ఆ ల్యాబ్ వాళ్లు పదిమంది కలిసి ఇన్ఫోకామ్ పెట్టారు. ఆటల కంపెనీ పెట్టాలని కాదు. చదువులు అయిపోయి ఎవరిదారిన వాళ్లు పోయే సమయం వచ్చింది, జట్టు చెదిరిపోకుండా ఏదో ఒకటి చేద్దామన్నదే ఆలోచన. పెట్టుబడి తలా కొంచెం వేసుకుంటే 11,500 డాలర్లు అయింది. వాళ్లలో ఇంటర్నెట్‌కు దారి వేసినవాళ్లలో ఒకరిగా చెప్పుకునే జేసీఆర్ లిక్‌లైడర్ కూడా ఉన్నారు. ఏం అమ్మాలి అన్నప్పుడు, చేతిలో రెడీగా ఉన్నది జోర్క్ ఒక్కటే.

ఇక్కడే అసలు చిక్కు. జోర్క్ దాదాపు ఒక మెగాబైట్. ఇళ్లలోకి అప్పుడప్పుడే వస్తున్న టీఆర్ఎస్-80, యాపిల్ 2 లాంటి యంత్రాల్లో ఉండే మెమరీ 32, మహా అయితే 48 కిలోబైట్లు. పైగా ఒకదానిలో నడిచేది ఇంకోదానిలో నడవదు. బ్లాంక్ అప్పటికి డాక్టర్ చదువు పూర్తిచేసి పిట్స్‌బర్గ్‌లో హాస్పిటల్ డ్యూటీ చేస్తున్నాడు, ఇన్ఫోకామ్ జట్టులోనే ఉన్న జోయెల్ బెరెజ్ కూడా అదే ఊళ్లో ఉన్నాడు. వాళ్లిద్దరూ కూర్చుని వేసిన ప్లాన్ ఇప్పటికీ నా నోట మాట రానివ్వదు. లేని కంప్యూటర్‌ని ఒకదాన్ని కాగితం మీద డిజైన్ చేశారు, జీ-మెషిన్ (Z-machine) అని. ఆటని ఆ ఊహా యంత్రానికి రాస్తారు. ఏ కొత్త కంప్యూటర్ మార్కెట్లోకి వచ్చినా ఆ ఊహా యంత్రాన్ని అనుకరించే చిన్న ప్రోగ్రామ్ ఒక్కటి రాస్తే చాలు, అన్ని ఆటలూ దాని మీద నడుస్తాయి. జావాకి పదిహేనేళ్ల ముందు సంగతి ఇది.

మెమరీ సమస్యకు ఏం చేశారో కాస్త దగ్గర్నించి చూడండి. మామూలుగా ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్, అంటే 8 బిట్లు పడుతుంది. వీళ్లు 5 బిట్లకు కుదించారు. రెండు బైట్లలో మూడు అక్షరాలు పోగా ఒక్క బిట్ మిగులుతుంది, దాన్ని కూడా వదల్లేదు, రాత ఇక్కడితో అయిపోయిందని చెప్పే గుర్తుగా వాడుకున్నారు. ఆటగాడు టైప్ చేసే మాటల్లో మొదటి ఆరు అక్షరాలే గుర్తుపెట్టుకుంటారు, ఇంగ్లిష్‌లో లాంతరుకు ఏడు అక్షరాలు కాబట్టి చివరిది తెగిపోతుంది, అయినా పని నడుస్తుంది. ఆట మొత్తం ఫ్లాపీలోనే ఉంటుంది, ఏ ముక్క కావాలంటే ఆ ముక్క మెమరీలోకి వచ్చి పోతుంటుంది. ఇంత చేసినా జోర్క్ పట్టలేదు, అందుకే కోసి మూడు భాగాలు చేయాల్సి వచ్చింది.

ఆ లాంతరు సంగతే చెప్తాను, ఎందుకంటే మీరిచ్చిన కోడ్‌లో నా విద్యార్థులు ముందు పట్టుకునేది దాన్నే. జోర్క్‌లో భూగర్భమంతా చీకటి, చీకట్లో గ్రూ అనే జంతువు పొంచి ఉండి మింగేస్తుంది, కాబట్టి ఇత్తడి లాంతరే ప్రాణం, దాని బ్యాటరీ ఏమో అయిపోతుంటుంది. కోడ్‌లో దీనికి ఒక చిన్న పట్టిక ఉంది: 100, 70, 15 అని మూడు అంకెలు, ఒక్కో అంకె పక్కన ఒక్కో వాక్యం. వెలుగు కాస్త తగ్గినట్టుందని మొదటిది, ఖచ్చితంగా తగ్గిందని రెండోది, ఇక ఆరిపోబోతోందని మూడోది. అంతే. ఆడేవాడికి గుండెలు దడదడలాడే టెన్షన్ అంతా ఆ పట్టికలోంచి వచ్చిందే. ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లకు దీనికంటే మంచి పాఠం నేను చూపించలేను, ఇదే పాఠం ఇన్ఫోకామ్ వాళ్లదే ఇంకో ఆట ప్లానెట్‌ఫాల్ కోడ్‌లోంచి చెప్పాలంటే మాత్రం లైసెన్స్ లేదు.

జోర్క్ మొదట 1980 చివర్లో పర్సనల్ సాఫ్ట్‌వేర్ వాళ్ల ద్వారా బయటికొచ్చింది. విసికాల్క్ అనే తొలి స్ప్రెడ్‌షీట్ అమ్మిన కంపెనీ అది. వాళ్లు పెట్టె మీద కత్తి దూసిన కండల వీరుడి బొమ్మ వేశారు, లోపలి ఆటకీ ఆ బొమ్మకీ సంబంధమే లేదు. తర్వాత వాళ్లకు ఆటల మీద ఆసక్తి పోయేసరికి ఇన్ఫోకామ్ సరుకు వెనక్కి తీసుకుని సొంతంగా అమ్మడం మొదలుపెట్టింది. ఆడేవాళ్లు చిక్కుముళ్లు విప్పలేక ఉత్తరాలు రాస్తుంటే, మొట్టమొదటి టెస్టర్ మైక్ డోర్న్‌బ్రూక్ జోర్క్ యూజర్స్ గ్రూప్ అని పెట్టి మ్యాపులు, సూచనలు అమ్మాడు. సూచనల పుస్తకాలు కనబడని సిరాతో ముద్రించేవాళ్లు, కావలసిన ప్రశ్న కింద ప్రత్యేక పెన్నుతో రుద్దితే ముందు ఓ చిన్న సూచన, ఇంకా తెలియకపోతే ఆ కిందది. పూర్తి జవాబు ఒక్కసారిగా చెప్పి ఆట చెడగొట్టరు. ఆడేవాళ్ల మీద అంత మర్యాద.

1982లో బ్లాంక్ డెడ్‌లైన్ రాశాడు, హత్య కేసు పరిశోధన. అందులో పోలీసులు తీసుకున్న వాంగ్మూలాలు, ల్యాబ్ రిపోర్టు, అన్నీ ఆటలో పెట్టడానికి ఫ్లాపీలో చోటు లేదు. సరే అని వాటిని నిజం కాగితాల మీద ముద్రించి, చిన్న సంచిలో మాత్రలు కూడా వేసి పెట్టెలో పెట్టారు. చోటు చాలక చేసిన పని కాస్తా కంపెనీ ముద్రగా మారింది, తర్వాత ప్రతి ఆటలోనూ ఏదో ఒక వస్తువు వచ్చేది, కొన్నిసార్లు అది లేకపోతే ఆట ముందుకే సాగేది కాదు, దాంతో కాపీ కొట్టేవాళ్లకు కూడా అడ్డుకట్ట పడింది.

డోర్న్‌బ్రూక్ రూమ్‌మేట్ స్టీవ్ మెరెట్జ్‌కీ. నిర్మాణ రంగానికి చదివినవాడు, కంప్యూటర్లంటే ఇష్టం లేనివాడు. రూమ్‌లో జోర్క్ టెస్టింగ్ నడుస్తుంటే చూసి చూసి పడిపోయాడు. ముందు టెస్టర్ అయ్యాడు, తర్వాత 1983లో ప్లానెట్‌ఫాల్ రాశాడు. అందులో ఫ్లాయిడ్ అని ఒక రోబో, చిన్నపిల్లాడిలా వెంటపడి తిరుగుతుంది, ఆటలాడదామంటుంది. చివరికి మనకోసం తన ప్రాణం ఇస్తుంది. తెల్లటి తెర మీదో పచ్చటి తెర మీదో నాలుగు వాక్యాలు, అంతే, ఆ రోజుల్లో ఎంతమంది ఏడ్చారో ఇప్పటికీ చెప్పుకుంటారు. కంప్యూటర్ ఆట మనిషిని ఏడిపించగలదని చూపించినవాటిలో అది ముందు వరసలో ఉంటుంది. మెరెట్జ్‌కీయే 1985లో ఎ మైండ్ ఫరెవర్ వాయేజింగ్ రాశాడు, ఒక ప్రభుత్వ విధానం పదేళ్లకోసారి ఊరిని ఎలా మార్చేస్తుందో ఆ ఊళ్లో తిరిగి చూసే ఆట. 1986లో బ్రయాన్ మోరియార్టీ ట్రినిటీ రాశాడు, లండన్ పార్కులో మొదలై 1945 జులైలో న్యూ మెక్సికో ఎడారిలో జరిగిన తొలి అణుపరీక్ష దాకా తీసుకెళ్తుంది. వీటిని ఆటలు అని తీసిపారేసేవాళ్లు ఒక్కసారి ఆ కోడ్ తెరిచి అందులో రాసిన మాటలు చదవాలి.

పతనం ఎలా వచ్చిందో చెప్పకపోతే కథ సగమే. వ్యవస్థాపకుల్లో కొందరికి, ముఖ్యంగా అల్ వెజ్జాకి, ఆటలు మధ్యలో వచ్చిన సంపాదన మాత్రమే, అసలు లక్ష్యం బిజినెస్ సాఫ్ట్‌వేర్. 1985 జనవరిలో కార్నర్‌స్టోన్ అనే డేటాబేస్ ప్రోగ్రామ్ బయటపెట్టారు, ధర 495 డాలర్లు. దాన్ని కూడా ఊహా యంత్రం మీదే కట్టారు, అన్ని కంప్యూటర్లలో నడవాలని. కానీ 1985 నాటికి ఆఫీసుల్లో ఐబీఎం పీసీ తప్ప ఇంకోటి లేదు, అన్నిటిలో నడిచే గుణం ఎవరికీ అక్కర్లేదు, ఆ గుణం కోసం చెల్లించిన మూల్యం, అంటే నెమ్మదితనం, మాత్రం ప్రతి పనిలోనూ కనబడింది. ఆటలో మనిషి ఆలోచిస్తూ టైప్ చేస్తాడు కాబట్టి ఒకటి రెండు సెకన్లు లెక్కలోకి రావు, ఆఫీసులో రికార్డుల కోసం ఎదురుచూసేవాడికి వస్తాయి. కంపెనీని నిలబెట్టిన ఆలోచనే కంపెనీని ముంచింది. ఆటల మీద వచ్చిన డబ్బంతా అందులో పోసేశారు. వందమంది దాకా ఉన్న సిబ్బందిలో సగానికి పైగా ఇళ్లకు పోయారు.

1986లో యాక్టివిజన్ అనే ఆటల కంపెనీ ఇన్ఫోకామ్‌ని 75 లక్షల డాలర్లకు కొనేసింది. కొన్నప్పుడున్న యాక్టివిజన్ అధినేతకు ఇన్ఫోకామ్ అంటే అభిమానం, ఆర్నెల్లు తిరిగేసరికి ఆయన పదవిలోకి వేరే ఆయన వచ్చాడు. 1989 మేలో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఉన్న ఇన్ఫోకామ్ ఆఫీసు మూసేశారు. అప్పటికి మిగిలింది 26 మంది, అందులో 11 మందిని కాలిఫోర్నియా రమ్మన్నారు, వెళ్లింది ఐదుగురు. పదేళ్లలో మొదలై ముగిసిపోయిన కంపెనీ. 2023 అక్టోబరులో మీరు యాక్టివిజన్‌ని కొన్నప్పుడు, ఆ వేలకోట్ల డాలర్ల బేరంలో ఎక్కడో అడుగున ఇన్ఫోకామ్ కూడా మీ చేతికొచ్చింది.

కంపెనీ పోయినా ఆటలు బతికాయి, అదీ ఆ ఊహా యంత్రం పుణ్యమే. 1987లోనే ఆస్ట్రేలియాలో కొందరు విద్యార్థులు జీ-మెషిన్ ఎలా పనిచేస్తుందో తవ్వి తీసి సొంతంగా ఇంటర్‌ప్రెటర్, అంటే దాన్ని అనుకరించే ప్రోగ్రామ్, రాశారు. 1993లో గ్రాహమ్ నెల్సన్ ఇన్‌ఫామ్ అనే భాష తయారుచేసి, కొత్తవాళ్లు కొత్త ఆటలు రాసి అదే యంత్రం మీద నడిపించేలా చేశాడు. ఈరోజు నా ఫోన్‌లో 1982 నాటి ఫైలు ఒక్క బైట్ కూడా మార్చకుండా నడుస్తుంది. అదే ఏడాది వచ్చిన మామూలు ప్రోగ్రామ్‌ని అలా నడిపి చూడండి, తల ప్రాణం తోకకొస్తుంది. ఇదంతా ఎవరూ జీతం ఇవ్వకుండా, చాలాసార్లు హక్కుల భయం పెట్టుకునే, ప్రేమతో చేసినవాళ్ల పని.

మీకు ఇది కొత్త పనేం కాదు. ఎంఎస్-డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పాత వెర్షన్లు ఇచ్చారు, బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషకు మీరు చేసిన జీడబ్ల్యూ-బేసిక్ ఇచ్చారు, 6502 బేసిక్ కూడా ఇచ్చారు. అసలు ఈ రకం ఆటలతో మీ బంధం ఇన్ఫోకామ్ తొలి ఆట మార్కెట్లోకి రాకముందు నుంచీ ఉన్నది: వీళ్లందరికీ పిచ్చి పట్టించిన ఆ అడ్వెంచర్ ఆటను 1979లోనే టీఆర్ఎస్-80 మీద అమ్మింది మైక్రోసాఫ్టే, 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దానితోపాటు వచ్చిన తొలి ఆటల్లో కూడా అది ఉంది. మీ ఇంటి చరిత్రలో భాగమే ఇది.

ఇబ్బందులు ఉన్నాయని తెలుసు. హిచ్‌హైకర్స్ గైడ్ డగ్లస్ ఆడమ్స్ కథ, షోగన్ జేమ్స్ క్లావెల్ నవల, వాటిలో ఇతరుల హక్కులు ఉంటాయి, వాటిని పక్కన పెట్టండి. పేరు మీద ట్రేడ్‌మార్క్, పెట్టె మీద బొమ్మలు, ప్రకటనలు మీరు జోర్క్ విషయంలో కూడా ఇవ్వలేదు, ఇప్పుడూ ఇవ్వక్కర్లేదు. కానీ ప్లానెట్‌ఫాల్, డెడ్‌లైన్, ట్రినిటీ, ఎంచాంటర్, స్టార్‌క్రాస్, విష్‌బ్రింగర్ ఇవన్నీ ఇంట్లోనే పుట్టినవి. కొత్తగా కోడ్ వెతికే శ్రమ కూడా లేదు, చాలావరకు జేసన్ స్కాట్ పెట్టిన చోటే ఉంది. జోర్క్‌కి చేసినట్టే ఒక్కో దాంట్లో ఒక లైసెన్స్ ఫైలు చేర్చాలి, అంతే. చిన్న పని అనను, లాయర్లు కూర్చుని ఒక్కో కాంట్రాక్టూ చూడాలి, ఆ టైమ్ కేటాయించమనే అడుగుతున్నాను. నలభై ఏళ్లనాటి కాగితాలు తెలిసినవాళ్లు ఇంకా ఉన్నప్పుడే ఆ పని తేలిక. ఇన్ఫోకామ్ పెట్టిన ఆ పదిమందిలో లిక్‌లైడర్ 1990లోనే పోయారు.

ఇందులో నాకు ఇంకో స్వార్థం కూడా ఉంది. ఇలాంటి ఆట తెలుగులో కావాలి. మనం పెట్టెలోంచి కత్తి తీసుకో అంటాం, క్రియ చివర్లో వస్తుంది, లోంచి అనేది పెట్టెకే అతుక్కుని ఉంటుంది. ఇన్ఫోకామ్ పార్సర్, అంటే మనం టైప్ చేసిన వాక్యాన్ని విడదీసి అర్థం చేసుకునే భాగం, ముందే క్రియ కోసం చూస్తుంది. ఆరు అక్షరాల దగ్గర మాట తెగ్గొడితే పెట్టెలోకి, పెట్టెలోంచి రెండూ ఒకటైపోయే ప్రమాదం ఉంది. అంటే వాక్యాన్ని విడదీసే భాగం మొత్తం తిరగరాయాలి, వాళ్లు ఎక్కడెక్కడ ఏం ఆలోచించారో చూసి రాయాలి. వాళ్ల పార్సర్ ఒక్కసారి రాసి వదిలేసింది కాదు, ఏళ్ల తరబడి చెక్కుకుంటూ వచ్చారు, 1987 నాటికి చాలా మారిపోయింది. మీరిచ్చిన మూడు ఆటల్లో ఉన్నది తొలి దశ మాత్రమే. తర్వాతి దశలు చూసి, వాడుకుని, మార్చుకునే హక్కు మాకు లేదు. నా దగ్గర చదివే పిల్లల్లో ఇద్దరు ముగ్గురు దీని మీద నిజంగా పనిచేస్తామంటున్నారు. వాళ్లకు రేపు ఎవరైనా నోటీసు పంపిస్తే ఏం చెప్పాలి అని అడిగితే, జోర్క్ దాటి ముందుకు పోకండి అని చెప్పాల్సి వస్తోంది.

గచ్చిబౌలిలో ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మీలో ఎవరికైనా ఓపెన్ సోర్స్ విభాగంతో, ఎక్స్‌బాక్స్ విభాగంతో పరిచయం ఉంటే ఈ లేఖ సారాంశం అటు పంపండి. జోర్క్‌కి లైసెన్స్ రావడానికి కూడా లోపలివాళ్లు ఎవరో పట్టుబట్టే ఉంటారు, బయటివాళ్లం ఎంత అరిచినా ఫైలు కదిలేది లోపలి మనిషి చేతుల మీదుగానే.

అన్నీ ఒకేసారి కుదరకపోతే వరసగా ఇవ్వండి. మొదట ప్లానెట్‌ఫాల్, డెడ్‌లైన్. తర్వాత ఎంచాంటర్ మూడు భాగాలు. ఆ తర్వాత పార్సర్ బాగా ఎదిగిన చివరి ఏళ్లవి, ట్రినిటీతో మొదలుపెట్టి. ఎప్పటికల్లా ఏది వస్తుందో ఒక తేదీ చెప్పినా మాకు చాలు, దాన్ని బట్టి మా పని మేం మొదలుపెట్టుకుంటాం.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక ప్రోగ్రామింగ్ మాస్టారు